ఈరీ కాలువ ఉత్తరాల్లో మూడు ‘ఇంట్రెస్టులు’

‘ఇంట్రెస్ట్’ అనే ఇంగ్లిషు మాటకి తెలుగులో ఒక్క మాట సరిపోదు. ఆసక్తి ఒకటి, ప్రయోజనం ఒకటి, వడ్డీ ఇంకొకటి. మనకి ఇవి మూడు వేర్వేరు సంగతులు. అందువల్ల ‘పబ్లిక్ ఇంట్రెస్ట్’ అని ఎవరైనా అంటే, ఏ ఇంట్రెస్ట్ అని అడిగే వెసులుబాటు మన భాషలోనే ఉంది. ఈరీ సరస్సుని హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువని న్యూయార్క్ రాష్ట్రం 1817లో తవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి అక్కడి అధికారులకు అందిన ఉత్తరాలూ అర్జీలూ చదవడానికి ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

కాలువ పని ఒకే ఆఫీసు చేతిలో ఉండేది కాదు. తవ్వించేవాళ్లు కెనాల్ కమిషనర్లు. అప్పు తెచ్చి, వడ్డీ కట్టి, లెక్క చూసేవాళ్లు కెనాల్ ఫండ్ కమిషనర్లు. పొలం పోయినవాడికి ఎంత ఇవ్వాలో తేల్చేవాళ్లు అప్రైజర్లు. తర్వాత వీటి మీద కెనాల్ బోర్డు వచ్చింది. కాలువ మా ఊరి మీదుగా రావాలని రాసిన ఉత్తరం ఒక చోటికి, బాండ్ల గురించి రాసింది ఇంకో చోటికి, నా పొలంలో నీళ్లు నిలిచాయని రాసింది మూడో చోటికి పోయేవి. రాసిన మనిషి ఒక్కడే అయినా సరే. ఆర్కైవులో కాగితాలు ఏ ఆఫీసువి ఆ ఆఫీసు పేరు మీదే ఉంటాయి. అందుకని ఒక్క వరస మాత్రమే చదివితే జనమంతా కాలువ కోసం ఎగబడ్డారనీ, లేదా జనమంతా దానివల్ల నష్టపోయారనీ అనిపిస్తుంది. రెండు వరసలూ పక్కపక్కన పెడితేగానీ అసలు కథ తెలియదు.

మొదటి ఉత్తరాలు రాసింది అప్పుల జైల్లో ఉన్న మనిషి. జెస్సీ హాలీ పిండి వ్యాపారి. పశ్చిమ న్యూయార్క్‌లోని జెనీవా నుంచి గోధుమపిండి తూర్పుకి పంపేవాడు. దారులు బాగా లేవు, రవాణా ఖర్చు లాభాన్ని మింగేసింది, దివాలా తీశాడు. కానండైగ్వా ఊళ్లో అప్పు కట్టలేనివాళ్లను పెట్టే జైల్లో ఉండగా 1807 అక్టోబరు నుంచి 1808 ఏప్రిల్ దాకా అక్కడి పత్రికకి ‘హెర్క్యులిస్’ అనే మారుపేరుతో 14 వ్యాసాలు పంపాడు. ఈరీ సరస్సు నుంచి తూర్పుకి కాలువ తవ్వితే ఏ దారిన తవ్వాలి, ఎంతవుతుంది, ఎవరికేం లాభం అని లెక్కలేశాడు. ఆయన అంచనా 60 లక్షల డాలర్లు. చివరికి అయిన ఖర్చు 71 లక్షలకి కాస్త పైన. ఇంజినీరు కాని మనిషి జైలు గదిలో కూర్చుని వేసిన అంచనా ఇంత దగ్గరగా రావడం ఆశ్చర్యమే. ఇప్పటి ప్రాజెక్టుల అంచనాలు గుర్తొస్తే ఇంకా ఆశ్చర్యం. అయితే ఈ వ్యాసాలను దేశభక్తుడి కలగా మాత్రమే చదవడం పొరపాటు. వ్యాపారంలో దెబ్బతిన్నవాడు తనని ముంచిన కారణం మీద పెట్టిన దృష్టి అది. ఆసక్తీ, సొంత ప్రయోజనమూ అక్కడ విడదీయడానికి రావు.

ఆ తర్వాతి ఏడాది జాషువా ఫోర్మన్ అనే అసెంబ్లీ సభ్యుడు వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెంట్ జెఫర్సన్‌ని కలిశాడు. ఇది అద్భుతమైన ఆలోచనే, నూరేళ్ల తర్వాత చేస్తారేమో, ఈ రోజుల్లో దీన్ని తలపెట్టడం పిచ్చికి ఎంతో దూరం కాదు అని జెఫర్సన్ అన్నట్టు ఫోర్మన్ చెప్పాడు. ఈ మాట ఎంత ప్రసిద్ధమో, దాని వెనక ఉన్న ఉత్తరం అంత ప్రసిద్ధం కాదు. 1822 డిసెంబరులో జెఫర్సన్, కాలువకి పెద్ద దన్నుగా నిలిచిన న్యూయార్క్ గవర్నర్ డెవిట్ క్లింటన్‌కి జవాబు రాస్తూ, ఫోర్మన్‌తో ఆ మాటలు జరిగినట్టు తనకి గుర్తు లేదనీ, అయినా తన అభిప్రాయం అదే కాబట్టి నిజమే అయ్యుంటుందనీ ఒప్పుకున్నాడు. మామూలుగా ప్రగతి నడిచే వేగం కన్నా న్యూయార్క్ నూరేళ్లు ముందుకు పోయిందని కూడా రాశాడు. పదమూడేళ్ల కిందటి మాటని కాదనకుండా, అలాగని తప్పయిందనీ అనకుండా నేర్పుగా రాసిన జాబు అది. రాజకీయ నాయకుల ఉత్తరాలు చదివేటప్పుడు ఈ నేర్పుని లెక్కలో ఉంచుకోవాలి.

జనం వైపు నుంచి వచ్చిన అతి పెద్ద కాగితం 1816 నాటి విన్నపం. 1815 డిసెంబరు చివర్లో న్యూయార్క్ నగరంలోని సిటీ హోటల్లో వర్తకులూ పెద్దమనుషులూ సమావేశమయ్యారు. క్లింటన్ విన్నపం రాశాడు. దాన్ని అచ్చు వేసి ఊరూరా తిప్పారు. లక్షకు పైగా సంతకాలు చేరాయని అప్పటివాళ్లు చెప్పుకున్నారు. 1820 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్ర జనం 13.7 లక్షలు. అంటే ఆడవాళ్లూ పిల్లలూ అందరినీ కలిపి లెక్కేసినా పదమూడు పద్నాలుగు మందిలో ఒకరు సంతకం చేసినట్టు. టెలిగ్రాఫు లేని రోజుల్లో ఇది మాటలు కాదు.

కానీ సంతకాల్ని ‘ప్రజాభిప్రాయం’ అనేసి ముందుకు పోకుండా ఒక్క క్షణం ఆగాలి. ఆ విన్నపం కింది నుంచి పుట్టలేదు. హోటల్లో పుట్టి ఊళ్లకి వెళ్లింది. సంతకం పెట్టినవాడికి మాటలు మార్చే అవకాశం లేదు. ఇష్టమైతే సంతకం, లేకపోతే లేదు. పైగా విన్నపం తయారైన నగరం నుంచే కాలువకి గట్టి వ్యతిరేకత వచ్చింది. అసెంబ్లీలో న్యూయార్క్ నగర సభ్యులు దానికి అడ్డుపడ్డారు. ‘క్లింటన్ గారి గుంట’ అని వెక్కిరించారు. కాలువ వల్ల ఎక్కువ బాగుపడబోయే ఊరు అదే. హడ్సన్ లోయ రైతుల భయం మాత్రం సూటిగానే ఉంది. పడమటి గోధుమ చవగ్గా దిగితే తమ పంట ధర పడిపోతుంది. ఆ భయం నిజమైంది కూడా.

చట్టం చివరి మెట్టు దగ్గర ఏం జరిగిందో కూడా మనకి ఒక ఉత్తరం వల్లే తెలుస్తుంది. అప్పట్లో న్యూయార్క్‌లో ఏ బిల్లు అయినా గవర్నరూ పెద్ద జడ్జీలూ కలిసిన ఒక కౌన్సిల్ దాటాలి. 1817 ఏప్రిల్లో కాలువ బిల్లు అక్కడికి వచ్చింది. సభ్యుల్లో ఒకడైన జోనాస్ ప్లాట్ పదేళ్లు దాటాక రాసిన ఉత్తరంలో ఆ రోజు కథ చెప్పాడు. ఆ పెద్ద జడ్జీల్లో ఒకడైన ఛాన్సలర్ కెంట్ ఎటూ తేల్చుకోలేక ఉన్నాడట. అప్పుడు అమెరికా వైస్ ప్రెసిడెంటుగా ఉన్న టామ్‌కిన్స్ లోపలికి వచ్చి, ఇంగ్లండుతో మళ్లీ యుద్ధం వస్తుంది, డబ్బు కాలువ మీద కాదు, ఆయుధాల మీద పెట్టాలి అన్నాడట. దాంతో కెంట్, యుద్ధమో కాలువో ఒకటి తప్పదంటే నా ఓటు కాలువకే అన్నాడట. లక్ష సంతకాల తర్వాత కూడా విషయం ఒక మనిషి చిరాకు మీద ఆధారపడింది. ప్లాట్ కాలువ పక్షం మనిషి, కథని కాస్త రసవత్తరంగా చెప్పి ఉండవచ్చు. అయినా చట్టం పుస్తకంలో ‘1817 ఏప్రిల్ 15న ఆమోదం’ అనే ఒక్క ముక్క మిగిలిన చోట, ఈ ఉత్తరం గది లోపలికి తీసుకుపోతుంది.

ఇక వడ్డీ సంగతి. ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఒక్క డాలరూ రాలేదు. 1817 మార్చిలో ప్రెసిడెంట్ మాడిసన్ పదవి దిగిపోతూ, రోడ్లకీ కాలువలకీ డబ్బిచ్చే బిల్లుని వీటో చేసి వెళ్లిపోయాడు. రాష్ట్రమే అప్పు చేయాలి. ఉప్పు మీద సుంకం, వేలం అమ్మకాల మీద సుంకం, రాబోయే టోల్, వీటిని హామీగా పెట్టి 6 శాతం వడ్డీతో బాండ్లు అమ్మింది. మొదట్లో పెద్ద ధనవంతులు దూరంగానే ఉన్నారు. కొన్నవాళ్లలో చిన్న మదుపరులు చాలామంది. 1819లో న్యూయార్క్ నగరంలో తెరిచిన పొదుపు బ్యాంకు ఈ బాండ్లని పెద్ద ఎత్తున కొంది. అందులో డబ్బు దాచుకున్నవాళ్లు పనిమనుషులు, కూలీలు, చేతిపనివాళ్లు. ఆ బ్యాంకు పెట్టినవాళ్లలో ఒకడైన థామస్ ఎడ్డీ అంతకుముందు కాలువ కమిషనర్‌గా ఉన్నవాడే. అంటే నగరంలో ఒక పనిమనిషి దాచుకున్న డాలరు మూడొందల మైళ్ల అవతల మట్టి తవ్వే పనికి పోయింది. ఆమె కాలువ గురించి ఒక్క అక్షరం రాసి ఉండదు. కానీ కాలువలో ఆమెకి ఇంట్రెస్ట్ ఉంది, అక్షరాలా వడ్డీ రూపంలో. కాలువ టోల్ ఇస్తుందని తేలాక లండన్ పెట్టుబడిదారులూ ఎగబడ్డారు. సొమ్ము పెట్టే ధైర్యం ముందు ఎవరికి వచ్చిందో ఫండ్ కాగితాలు చెబుతాయి.

దారి ఎటు అన్న గొడవలో ఊళ్ల మధ్య పోటీ బాహాటంగా బయటపడింది. కాలువ పడమటి చివర ఎక్కడ కలవాలి? బఫెలోకీ బ్లాక్ రాక్‌కీ మధ్య దూరం కొన్ని మైళ్లే. బ్లాక్ రాక్ తరఫున పీటర్ పోర్టర్, కాంగ్రెస్ సభ్యుడిగా చేసినవాడు, తనే మొదటి కాలువ కమిషన్‌లో సభ్యుడు కూడా. బఫెలోని 1813 డిసెంబరులో బ్రిటిష్ సైన్యం తగలబెట్టింది. ఆ ఊరికి రేవు కూడా సరిగా లేదు, వాగు నోట్లో ఇసుక మేట. శామ్యూల్ విల్కెసన్ వంటి కొద్దిమంది తమ ఆస్తులు హామీ పెట్టి రాష్ట్రం దగ్గర 12,000 డాలర్ల అప్పు తీసుకుని తామే రేవు కట్టడం మొదలుపెట్టారు. రెండు ఊళ్లూ కమిషనర్లకి రాసిన వాదనల్లో రాష్ట్ర ప్రయోజనం తప్ప ఇంకోటి కనిపించదు. గాలి, నీటి లోతు, మంచు, ఖర్చు. ఎవరూ ‘మా స్థలాల ధరలు పెరుగుతాయి’ అని రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు, చదివేవాళ్లకి అది తెలుసు. చివరికి బఫెలో గెలిచింది. బ్లాక్ రాక్ తర్వాత ఆ ఊళ్లోనే కలిసిపోయింది.

ఈ మొత్తం కాగితాల్లో అన్నిటికన్నా నిండుగా ఉన్నవి నష్టపరిహారం అర్జీలు. 363 మైళ్ల పొడవు, పైన 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే 83 లాకులు, మొదటికీ చివరికీ 568 అడుగుల ఎత్తు తేడా. ఇవి పుస్తకాల్లో కనిపించే అంకెలు. అర్జీల్లో మాత్రం కాలువ అంటే ఒక పొలాన్ని రెండు ముక్కలు చేసిన నీటి గీత. ఇల్లు ఒక గట్టున, పశువుల మేత ఇంకో గట్టున. ప్రభుత్వం వంతెన కట్టి ఇస్తుంది, కానీ ఎక్కడ, ఎంత ఎత్తున? ఖర్చు తగ్గించడానికి కిందికి కట్టిన వంతెనల వల్ల పడవ మీద కూర్చున్నవాళ్లు తల వంచాల్సి వచ్చేది. రైతుకి అది పశువుల దారి, పడవవాడికి తలకి తగిలే దూలం. ఒకే వంతెన గురించి రెండు ఫిర్యాదులు.

నష్టం లెక్క కట్టే పద్ధతిలో 1817 చట్టం ఒక మెలిక పెట్టింది. కాలువ వల్ల వచ్చే లాభాన్ని తీసేసి, దానికి పైన ఉన్న నష్టానికే డబ్బు. ఉదాహరణకి ఒకడి పొలంలో కొన్ని ఎకరాలు పోయాయి. కానీ మిగిలిన భూమి ఇప్పుడు కాలువ ఒడ్డున ఉంది, దాని ధర పెరిగింది. అప్రైజర్లు రెండూ తీసివేత వేసి, నీకు రావాల్సింది ఏమీ లేదు అనవచ్చు. పెరిగిన ధర కాగితం మీది లాభం, భూమి అమ్మితేనే చేతికొస్తుంది. పోయిన పంట మాత్రం ఈ ఏడాదిది. మన ప్రాంతంలో భూసేకరణ గొడవలు చూసినవాళ్లకి ఈ వాదన కొత్తగా అనిపించదు. అర్జీదారులకీ ఇది త్వరగానే అర్థమైంది. అందుకే వాళ్లు ‘కాలువకి నేను వ్యతిరేకం కాదు, దాని గొప్పతనం ఒప్పుకుంటాను, అయితే...’ అన్న తీరులో రాయడం నేర్చారు. ఆ ‘అయితే’ తర్వాత వచ్చేదే అసలు ఉత్తరం. గట్టు నుంచి ఊట దిగి పొలం చిత్తడి అవుతోంది. మిల్లుకి వచ్చే వాగు నీళ్లు కాలువలోకి మళ్లించారు. గండి పడి కంచె కొట్టుకుపోయింది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. మిల్లు యజమాని ఒక ఏడాది తన నీళ్లు లాగేసుకున్నారని పరిహారం అడుగుతాడు. ఇంకో ఏడాది కాలువలో మిగిలిన నీళ్లు తన మిల్లుకి వదలమని అడుగుతాడు. రాష్ట్రం నీటిని పడవల కోసం పట్టింది, కానీ పట్టిన నీళ్లకి వేరే గిరాకీ పుట్టింది. పడవకి నీళ్లు నిలకడగా కావాలి, మిల్లుకి పారుతూ కావాలి. ఒక లాకు దగ్గర కూర్చుని ఈ రెండిటినీ తృప్తి పరచడం అధికారికి తలనొప్పి. ‘ప్రజా ప్రయోజనం’ అనే మాట జవాబుల్లో ఎక్కువగా పనికొచ్చింది ఇలాంటి చోటే, ఎవరికో ఒకరికి కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు. ఆదివారం లాకులు మూసేయాలని చర్చి వాళ్లు, మూస్తే సరుకు పాడవుతుందని వ్యాపారులు పంపిన విన్నపాలదీ ఇదే బాణీ. బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు రవాణా 100 డాలర్ల నుంచి 10 డాలర్ల దాకా పడిపోయాక, కాలువ ఆగితే ఎవరికీ పొద్దు గడవని స్థితి వచ్చింది.

రాయనివాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. మాంటెజుమా బురద నేలల్లో 1819లో జ్వరాలతో కూలీలు వందల మంది పడిపోయారు. వాళ్ల గురించి కమిషనర్ల నివేదికల్లో ఉంది, వాళ్లు రాసింది దాదాపు లేదు. కాలువ పోయిన నేల అంతకు ముందు ఒనైడా, ఒనండాగా, సెనెకా మొదలైన హాడెనొషోనీ ఆదివాసీ జాతులది. ఒప్పందాల పేరుతో ఆ భూములు అప్పటికే చేతులు మారుతున్నాయి, కాలువ వచ్చాక ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది. లక్ష సంతకాల విన్నపంలో ‘నిర్జనమైన అడవి సంపదగా మారుతుంది’ అన్న ధోరణి ఉంది. అడవి నిర్జనం కాదు. ఆర్కైవులో గొంతు లేకపోవడాన్ని ఆసక్తి లేకపోవడంగా చదివితే మోసపోతాం.

1825 అక్టోబరు 26న బఫెలో నుంచి మొదటి పడవలు కదిలినప్పుడు దారి పొడవునా వరసగా ఫిరంగులు పేలుస్తూ ఆ కబురుని గంటన్నర లోపే న్యూయార్క్‌కి చేర్చారు. అంతకు ఏడాదిన్నర ముందు ప్రత్యర్థులు క్లింటన్‌ని కాలువ కమిషనర్ పదవి నుంచి తీసేశారు. జనానికి ఒళ్లు మండి ఆయన్ని మళ్లీ గవర్నర్‌గా గెలిపించారు. రాజకీయంగా కాలువ అంత బలమైన వస్తువు అయింది. ఆ బలం ఎంతదాకా పోయిందంటే, 1846 రాజ్యాంగంలో రాష్ట్ర కాలువల్ని అమ్మడం, లీజుకివ్వడం కుదరదని రాసుకున్నారు. కాలువకి పోటీ వస్తాయని రైళ్ల మీద సరుకుకి టోల్ కట్టించుకున్నారు, అది 1851 దాకా సాగింది. పొగడ్తల మధ్య దొంగతనమూ పెరిగింది. మరమ్మతు కాంట్రాక్టుల్లో ముఠాల మీద 1875లో గవర్నర్ టిల్డెన్ శాసనసభకి ప్రత్యేకంగా సందేశం పంపాల్సి వచ్చింది. 1882లో టోల్ ఎత్తేసేనాటికి ఈరీ కాలువ 12 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

1903లో కాలువని పెద్ద బార్జీలు పోయేలా మళ్లీ కట్టడానికి 10.1 కోట్ల డాలర్ల ఖర్చు మీద ప్రజల ఓటు పెట్టారు. నెగ్గించింది న్యూయార్క్ నగరమూ, బఫెలో. పల్లెల జిల్లాలు చాలా మటుకు వద్దన్నాయి. ఎనభై ఆరేళ్ల కిందట కాలువని వెక్కిరించిన నగరమే ఇప్పుడు దాన్ని కాపాడింది, ఎందుకంటే రైలు కంపెనీల ధరలకి కళ్లెం వేయడానికి దానికి వేరే దారి లేదు. 1918లో కొత్త కాలువ తెరిచాక పాత దారి నగరాల మధ్య ఖాళీగా మిగిలింది. సిరక్యూస్‌లో దాన్ని పూడ్చి ఈరీ బూలెవార్డ్ వేశారు. రాచెస్టర్‌లో ఆ గుంటలోనే 1927 నుంచి 1956 దాకా సబ్‌వే రైలు నడిచింది.

ఇప్పుడు ఆ కాలువలో సరుకు పడవలు అరుదు. నయాగరాకి వెళ్లే మన తెలుగు కుటుంబాలు పక్కనే లాక్‌పోర్ట్‌లో లాకులు చూసి ఫోటోలు దిగుతారు. రాచెస్టర్, బఫెలోల్లో చదువుకునే పిల్లలు గట్టు మీద సైకిళ్లు తొక్కుతారు. 2017 నుంచి కాలువ బాధ్యత ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థ కిందకి వచ్చింది. రాచెస్టర్ చుట్టుపక్కల కొన్ని చోట్ల కాలువ ఇళ్ల కన్నా ఎత్తున, మట్టికట్ట మీద పోతుంది. 1974లో బుష్నెల్స్ బేసిన్ దగ్గర గండి పడి ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ ప్రమాదం మళ్లీ రాకూడదని, చెట్ల వేళ్లు కట్టని గుల్ల చేస్తాయనీ, ఊటని కనిపించనివ్వవనీ చెప్పి, సంస్థ గట్ల మీద చెట్లు నరకడం మొదలుపెట్టింది. వెనకింటివాళ్లు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు, సభలకి వచ్చారు, చుట్టుపక్కల టౌన్లు కోర్టుకి కూడా వెళ్లాయి. నీడ పోతోంది, పక్షులు పోతున్నాయి, ఇంటి ధర పడిపోతోంది అన్నారు. 1820లలో గట్టు కింద రైతు రాసింది ఊట ఆపమని. ఇప్పుడు అలాంటి గట్టు కిందే ఉన్నవాళ్లు, ఊట ఆపడానికి వచ్చినవాళ్లని ఆపమని రాస్తున్నారు.